పేరంటపల్లిని ఊరుగానే తరలించండి

పోలవరం ముంపు గ్రామాల పునరావాసాన్ని నిర్ణయిస్తున్న రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల పెద్దలకు, ఆ పని చూస్తున్న అధికారులకు,



గోదావరి ఒడ్డున 41.15 మీటర్ల ఎత్తున మీరొక గీత గీశారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పోలవరం తొలి దశకు మరో 12,157 కోట్ల రూపాయలు ఒప్పుకున్నప్పుడు లెక్కలన్నీ ఆ గీత దగ్గరే ఆపింది. ఆనకట్ట పూర్తి నీటిమట్టం మాత్రం 45.72 మీటర్లు. గీతకు దిగువన ఉన్నవారికి ముందు, ఎగువన ఉన్నవారికి తర్వాత అన్నారు. 371 ఆవాసాల్లోని లక్షకు పైగా కుటుంబాలను ఈ రెండు జాబితాల్లోకి సర్దారు. ఆ జాబితాల్లో ఇంటికి నంబరుంది, ఎకరానికి రేటుంది, మనిషికి వయసుంది. ఆ ఇళ్లన్నీ కలిస్తే ఒక ఊరన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ కనిపించదు. కుటుంబానికి ఇంత, కట్టడానికి ఇంత అని తేల్చేస్తే బాధ్యత తీరిపోయినట్టేనన్న ఈ ధోరణిని నేను ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ.

మాది ధవళేశ్వరానికి దిగువన, కాలువ నీటితో వరి పండే ఊరు. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మా తాతముత్తాతలు, మేము ఆ నీటి మీదే బతికాం. పోలవరం నిండితే మా రెండో పంటకు బెంగ తీరుతుంది. విశాఖకు తాగునీరు వెళ్తుంది, కొత్తగా ఏడు లక్షల ఎకరాలకు పైగా తడుస్తాయి, 960 మెగావాట్ల కరెంటు పుడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు, ఇవన్నీ నాకు కావాలి కూడా. అందుకే మా పొలానికి వచ్చే నీరు ఎవరి ఊరి మీదుగా నిలబడి వస్తుందో అడగాల్సినవాణ్ణి నేనే. డెల్టాలో ఉన్న ప్రతి రైతూ అడగాల్సిన ప్రశ్న ఇది. మేం అడగకపోతే, ఈ పనంతా మా పేరు చెప్పే జరుగుతుంది.

ఒక్క ఊరి గురించే మాట్లాడతాను. పాపికొండల నడుమ, గోదావరి కుడి ఒడ్డున, వేలేరుపాడు మండలంలో పేరంటపల్లి ఉంది. గిరిజనులైన కొండరెడ్ల ఊరు. ముంపు జాబితాలో ఉన్న ఊరు. ముందు నది, వెనక అడవి, పక్కన కొండ మీంచి దిగి వచ్చే వాగు. రాజమండ్రి వైపు నుంచి, ఎగువన పోచవరం నుంచి వచ్చే పర్యాటక లాంచీలు ఆగే రేవు ఇదే. మనలో చాలామంది ఆ మెట్లెక్కినవాళ్లమే. బాలానంద స్వామి నెలకొల్పిన మునివాటం అనే ఆశ్రమంలో శివుడికి దండం పెట్టి, వాగు నీళ్లు దోసిట పట్టి తాగి, కొండరెడ్ల స్త్రీలు అల్లిన వెదురు పువ్వులు కొనుక్కుని, గంటలోపే లాంచీ ఎక్కేశాం. ఆ పూలమ్మిన మనిషి పొద్దు ఎలా గడుస్తుందో, ఆ ఊరు ఏడాది పొడుగునా ఏం తిని, ఏం చేసి బతుకుతుందో మనం అడగలేదు. మనం యాత్రికులం, అడగకపోయినా ఎవరికీ నష్టం లేదు. మీరు ఆ ఊరిని కదిలిస్తున్నవారు. మీరు అడిగారా?

ఆ ఊరు కదలకుండా ఉన్న చోటే ఉంటే, ప్రభుత్వాలే దాని చుట్టూ తిరిగాయి. నిజాం ఏలుబడిలో అది పాల్వంచ తాలూకా. నది దాటి అవతలి ఒడ్డుకు వెళ్తే ఇంగ్లీషువాళ్ల ఏజెన్సీ. తర్వాత హైదరాబాద్ రాష్ట్రం, ఆపైన ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయి ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు పశ్చిమ గోదావరి. 2022లో ఏలూరు. ఒక్క అడుగు వేయకుండానే ఇన్ని ఏలుబడులు, ఇన్ని జిల్లాలు మారిన మనుషులు వాళ్లు. కలెక్టరేటు ఒకసారి ఖమ్మంలో, ఒకసారి ఏలూరులో. ఏ దారిన వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. ఏ కాగితం ఏ ఊళ్లో ఉందో వాళ్లకు తెలియకపోతే అది వాళ్ల అజ్ఞానమని మీ సిబ్బంది అనుకోవచ్చా?

1940ల తొలినాళ్లలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త ఈ కొండల్లో తిరిగాడు. ఇక్కడి రెడ్ల జీవితం మీద 1945లో ఒక పెద్ద పుస్తకమే ప్రచురించాడు. ఎనభై ఏళ్ల కిందటే ఒక పరాయి దేశస్థుడు వాళ్ల పోడు, పెళ్లి, పండుగ, అప్పు, వెదురు కూపుల్లో వాళ్లు పడ్డ పాట్లు అన్నీ రాసి పెట్టాడు. వాళ్లను కదిలించే ఫైలు తయారు చేసేవారు ఆ పుస్తకాన్ని ఒక్కసారైనా తెరిచారా అన్నది నా సందేహం. తెరిచి ఉంటే కాలనీల నమూనా ఇలా ఉండేది కాదు.

వాళ్ల ఏడాది ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీ లెక్కలో జారిపోయింది సరిగ్గా అదే.

చలి తగ్గేసరికి కొండవాలున పొదలు నరుకుతారు. ఎండనిచ్చి, వేసవి చివర్లో కాలుస్తారు. తొలకరి పడగానే ఆ బూడిదలో గునపం కర్రతో గుంటలు చేసుకుంటూ జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర అన్నీ కలిపి వేస్తారు. ఒకటి పోతే ఇంకొకటి చేతికొస్తుంది. విత్తడానికి ముందు భూదేవి పండుగ చేస్తారు. అది చేయకుండా గింజ నేలలో వేయరు. మామిడి కాయ కూడా అంతే. కొత్త పండుగ కాకుండా ఎవరూ నోట పెట్టరు. చెట్టు మీద కాయ పూర్తిగా ముదిరాకే తెంపాలన్న కట్టుబాటు అందులో ఉంది. మన అటవీ శాఖ నియమాలకన్నా పాతది అది.

జీలుగు చెట్టు సంగతి మీకు ఎవరైనా చెప్పారా? ఎండలు ముదిరే రోజుల్లో గింజలు అయిపోతాయి. పని మాత్రం కొండంత ఉంటుంది. అప్పుడు కొండరెడ్డి కడుపు నింపేది జీలుగు కల్లే. ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. గీసిన కల్లు పదిమందీ కూర్చుని తాగుతారు, తగువులు అక్కడే తీరుతాయి, సంబంధాలు అక్కడే కుదురుతాయి. 1879లో రంప కొండలు తిరగబడడానికి ఉన్న కారణాల్లో కల్లు మీద వేసిన పన్ను ముఖ్యమైనది. ఆ చెట్టు వాళ్ల బతుకులో ఎంతటిదో ఆనాటి దొరలకు తిరుగుబాటు వచ్చాక గానీ అర్థం కాలేదు. ఇవాళ అదే చెట్టు అటవీ భూమిలో ఉందంటే మీ పరిహారం పట్టికలో దానికి యజమాని ఎవరు? ధర ఎంత?

వానలు ముదిరి సంతకు దారి మూసుకుపోయిన రోజుల్లో మామిడి టెంకలు ఆదుకుంటాయి. వేసవిలో పోగేసిన టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి దంచుతారు. దాని వగరు పోవాలంటే పారే నీటిలో నానాలి. బుట్టలో కట్టి వాగులో వదులుతారు. ఆ పిండితో కాచిన అంబలి తాగి గడిపిన రోజులు వాళ్లకు కొత్త కాదు. అదేదో గొప్ప తిండి అని నేను అనడం లేదు. ఆ పేదరికం పోవాలి. అది పోవడానికి రేషన్ దుకాణం రేవు దాకా రావాలి, ఆసుపత్రి అందుబాటులోకి రావాలి. కానీ ఆ అంబలి వెనక ఉన్న వాగును తీసేసి, దాని చోట ఏమీ పెట్టకుండా వదిలేస్తే దాన్ని అభివృద్ధి అందామా?

ఇక చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులు, చీపురు పుల్లలు, కరక్కాయలు. ఇవి తెచ్చి సంతలో అమ్మితేనే ఉప్పూ, నూనే, బట్టా. వెదురుతో చేటలు, బుట్టలు, తట్టలు, ఇంటి దడి, నీళ్లు దాటే తెప్ప. వెదురు లేని కొండరెడ్డి ఇల్లు నేను ఊహించలేను. పొద్దున్నే అడవికి వెళ్లినవాళ్లు ఎండెక్కేసరికి మోపులతో దిగుతారు. నదిలో వల వేసినవాళ్లు చేపలు తెస్తారు. పిల్లలు, మేకలు, కోళ్లు రేవు దాకా తిరుగుతూ ఉంటాయి. ఊరి పెదకాపు మాట, పూజారి పూనిక, ముత్యాలమ్మ రాయి, చనిపోయినవాళ్లను పెట్టిన చోటు — ఇవన్నీ ఊరికి నడక దూరంలోనే ఉన్నాయి.

జంగారెడ్డిగూడెం వైపో, జీలుగుమిల్లి వైపో వరుసలుగా కట్టిన సిమెంటు ఇళ్లలో వీటిలో ఏది దొరుకుతుంది? కరెంటు దొరుకుతుంది, రోడ్డు దొరుకుతుంది. అవి కావాల్సినవే. పక్కా ఇల్లు చూసి సంతోషించే తల్లులు అక్కడ ఉంటారు. కాదనను. కానీ ఆ ఇంట్లో పొద్దున లేచిన మనిషి ఏ పనికి వెళ్లాలి? పోడు లేదు, వెదురు లేదు, వల వేసేందుకు నది లేదు. ఇక మిగిలింది పొగాకు బ్యారన్ల దగ్గర, పామాయిల్ తోటల్లో రోజు కూలీ. తన చేను తాను చేసుకున్న మనిషిని ఇంకొకరి గట్టు మీద నిలబెట్టడానికి లక్షల రూపాయల ప్యాకేజీ ఇస్తున్నామని చెప్పుకోవడం మీకు సబబుగా ఉందా?

నేను మీ నుంచి దయ అడగడం లేదు. మీ దగ్గర ఉన్న చట్టమే చదవమంటున్నాను. 2013 భూసేకరణ చట్టంలో 41వ సెక్షన్ ఉంది. ఎస్టీ కుటుంబాలను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఒకే చోట, వారి తెగ గుర్తింపు, భాష, సంస్కృతి నిలబడేలా పునరావాసం కల్పించాలని అది చెబుతోంది. నదిలో చేపలు పట్టుకునే హక్కున్నవారికి జలాశయంలో ఆ హక్కు ఇవ్వాలని అదే సెక్షన్ అంటోంది. రెండో షెడ్యూలు ప్రకారం సాగునీటి ప్రాజెక్టుల కింద భూమి పోయిన ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి, లేదా రెండున్నర ఎకరాలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇవ్వాలి. మూడో షెడ్యూలు తెరిస్తే పశువులకు తాగునీరు, మేతభూమి, శ్మశానం, దేవుడి చోటు, గిరిజనుల సంప్రదాయ వ్యవస్థలకు విడిగా స్థలం, అడవిలో నివసించేవారికి వీలైన చోట్ల కలపేతర అటవీ ఉత్పత్తుల మీద హక్కు అని వరుసగా రాసి ఉంది. చట్టం రాసినవారు ఊరంటే ఏమిటో ఎరిగే రాశారు. అమలు చేసేవారు ఇంటి తాళాలు ఇచ్చి ఫొటో దిగడంతో సరిపెట్టుకుంటే ఎలా?

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. కొండరెడ్లలాంటి అతి దుర్బల గిరిజన తెగలకు వారి మొత్తం నివాస ప్రాంతం మీద సామూహిక హక్కు ఉంటుందని గుర్తించింది. ఇల్లు, పోడు, వాగు, రేవు, తిరిగే అడవి అన్నీ కలిసిన ఆవరణ అది. పేరంటపల్లికి ఆ హక్కు తేల్చాకే ముంపు లెక్క మొదలు పెట్టాల్సింది. తేల్చారా? తేల్చకుండా పోయిన హక్కుకు పరిహారం ఏ పద్దు కింద ఇస్తారు?

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నంతకాలం గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదు. 1/70 చట్టం దానికి అడ్డు నిలబడింది. గ్రామసభకు పీసా చట్టం ఇచ్చిన బలముంది. షెడ్యూల్డ్ ప్రాంతం బయట కట్టిన కాలనీకి వెళ్లిన మరుక్షణం ఈ రెండు రక్షణలూ ఆ కుటుంబం మీంచి జారిపోతాయి. కొత్త పట్టా చేతికొచ్చిన ఏడాదికే అది తాకట్టుకు వెళ్తే 1/70 అక్కడ ఆపలేదు. మీరు స్థలం ఎంచుకునేటప్పుడు ఈ మాట ఆ మనుషులకు, వాళ్ల భాషలో, నింపాదిగా చెప్పి ఒప్పించారా?

"వాళ్లే కదలడం లేదు. డబ్బులు తీసుకుని కూడా అక్కడే ఉంటున్నారు" అన్న మాట మీ వైపు నుంచి తరచు వినిపిస్తుంది. ఎందుకు కదలడం లేదో ఆలోచించండి. ఆ ఒడ్డున బతికినవాళ్లకు వరద తెలియనిది కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచినప్పుడు గుట్టెక్కారు, తీశాక దిగి మళ్లీ ఇల్లు కట్టుకున్నారు. వెదురు ఇంటికి ఉన్న సుఖం అదే. కానీ 2021లో ఎగువ కాఫర్ డ్యామ్ లేచి, నది స్పిల్‌వే మీదికి మళ్లాక లెక్క మారింది. వచ్చిన నీరు తొందరగా తీయదు. దేవీపట్నం మండలంలో గండి పోచమ్మ గుడి ఏటా నీళ్లలో నిలబడడం మనమంతా టీవీల్లో చూస్తున్నాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో మీ గీతకు ఎగువన ఉన్న ఊళ్లు కూడా మునిగాయి. తర్వాతి జాబితాలో ఉన్నవాళ్లు ముందే మునిగారు. నీరు కాంటూరు మ్యాపు చూసి రాదని ఆ జులైలో తేలిపోయాక కూడా నిధులు ఆ గీత దగ్గరే ఎందుకు ఆగిపోయాయి? అంచనాలు పంపాల్సింది రాష్ట్రమని ఢిల్లీ, డబ్బివ్వాల్సింది కేంద్రమని అమరావతి అంటూ ఉంటే, టార్పాలిన్ కింద వర్షాకాలం గడిపే మనిషి ఏ ప్రభుత్వాన్ని నిలదీయాలి? 2014 విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టు అంది. పునరావాసం కూడా ఆ ప్రాజెక్టులో భాగమే.

వయసు విషయం చూడండి. 2013 చట్టం ప్రకారం పెద్దవయసు వచ్చిన ప్రతి వ్యక్తీ, పెళ్లయినా కాకపోయినా, విడి కుటుంబమే. సర్వే నాటికి పదేళ్లు ఉన్న పిల్ల ఇవాళ ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె ఊరు ఇంకా మునగలేదు, ఆమె ఇంకా కదలలేదు. ఆలస్యం చేసింది మీరు. ఆ ఆలస్యంలో పెరిగి పెద్దదైనందుకు ఆమె పేరు జాబితాలో లేకుండా పోవాలా? కటాఫ్ తేదీని ఖాళీ చేసిన రోజుకు మార్చడానికి కావాల్సింది ఒక్క ఉత్తర్వు.

నేను అడిగేవి మీ అధికారానికి అందనివేమీ కావు. పేరంటపల్లి వంటి కొండరెడ్ల ఊళ్లను పాపికొండల పరిసరాల్లోనే, షెడ్యూల్డ్ ప్రాంతం లోపలే, నీటిమట్టానికి పైన, వాగు పారే చోట, ఊరికి ఊరుగా పెట్టండి. అది జాతీయ పార్కు అంటారు. 2008లో మనం గీసిన ఆ పార్కు గీతకు ఎంతో ముందు నుంచి ఆ అడవిలో ఉన్నవాళ్లు వాళ్లు. ఆనకట్ట కోసం అడవిని నీట ముంచడానికి అనుమతి దొరికినప్పుడు, ఆ అడవి మనుషులకు దాని అంచున చోటు దొరకదా? ఇప్పటికే కాలనీలకు వెళ్లిన కుటుంబాలకు భూమికి భూమి చూపించండి. జలాశయంలో చేపల హక్కును టెండరు పెట్టి పట్నం కాంట్రాక్టరుకు ఇవ్వకుండా ముంపు గ్రామాల సంఘాలకే రాసివ్వండి. రేపు జలాశయంలో లాంచీలు తిరిగితే రేవుల్లో దుకాణాలు, బోట్ల పని మొదట వాళ్ల పిల్లలకే ఇవ్వండి. 41.15కు ఎగువన ఉన్నవారిని 2022 వరద ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకా ఇప్పుడే తొలి జాబితాలోకి తీసుకోండి.

డెల్టా రైతు సోదరులకూ ఒక మాట. మన సంఘాలు కాలువల కోసం, గిట్టుబాటు ధర కోసం తీర్మానాలు చేస్తాయి. ఈసారి నీటి సంఘం సమావేశంలో ఎగువ ఊళ్ల పునరావాసం మీద ఒక తీర్మానం పెట్టండి. మనం కోరితే కాదనే ప్రభుత్వం ఈ రాష్ట్రంలో ఇంతవరకు రాలేదు.

అయ్యా, సాగునీటి ప్రాజెక్టు కింద సేకరించిన భూమి మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. గోదావరికి ఎర్రనీరు జులైలో వస్తుంది. వెనక్కి లెక్కిస్తే గడువు జనవరి. 2027లో ప్రాజెక్టు పూర్తి చేస్తామని మీరే ప్రకటిస్తున్నారు. ఆనకట్ట పనికి వారం వారం సమీక్ష పెట్టినట్టే పునరావాసానికీ పెట్టండి. ఆ జనవరికి ముందే పేరంటపల్లి రేవులో గ్రామసభ పెట్టి, పెదకాపును, స్త్రీలను, పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరినీ పిలిచి, వాళ్లు చూపించిన చోటును కాగితం మీద రాసుకుని రండి.

ఇట్లు,
గోదావరి డెల్టాకు చెందిన ఒక రైతు